ఒక్క మడి చాలు

యొన్‌సిల్ కొలత టేపు పోయిన రోజు ఇంట్లో వెతకని మూల లేదు.

దేజాన్ నగరంలో దర్జీ కొట్టు నడిపినన్నాళ్లూ అది ఆమె మెడలోనే ఉండేది. కొట్టు మూసేసి, తేగ్యుని పెళ్లి చేసుకుని, ఈ కొండ కింది ఊరికి వచ్చాక కూడా మెడలోంచి తీయలేదు. పైగా ఇప్పుడు దానితో పని పడింది. జీవితంలో మొదటిసారి కూరల తోట వేయబోతోంది. పెరట్లో కుళాయి పక్కన, గుడ్డ మీద గీసినట్టే నేల మీద సుద్దతో గీసింది. ఆరు మళ్లు. ఏడాదికి సరిపడా కిమ్చీ పచ్చడి తన చేతి పంటతోనే పెట్టాలని ఆమె ఆశ.

టేపు మర్నాడు దొరికింది, తేగ్యు కోటు జేబులో. చివర ఎర్రమట్టి అంటుకుని ఉంది.

ఆ ఊళ్లో ఎర్రమట్టి ఒక్క చోటే ఉంది. కొండ వాలు మీద, తేగ్యు మొదటి భార్య సమాధి దగ్గర.

"ఆవిడకి కొత్త బట్టలు కుట్టిస్తున్నారా?" యొన్‌సిల్ టేపు అతని ముందు పడేసింది.

తేగ్యు సూప్ గిన్నె కింద పెట్టాడు. "తోటకి చోటు చూస్తున్నా. నువ్వేగా అడిగావు."

"నేనడిగింది కుళాయి పక్కన."

"అక్కడ మధ్యాహ్నం దాకా గోడ నీడే. వాన పడితే నీళ్లు నిలిచిపోతాయి. పైన అయితే పొద్దున్నే ఎండ తగులుతుంది. వాలు కదా, చుక్క నీరు ఆగదు. దగ్గర్లో చెట్లు లేవు, వేళ్లు చొరబడవు."

"మరి నీళ్లెవరు మోస్తారు?"

"నేను మోస్తా."

"రోజూ ఆవిణ్ణి చూడ్డానికి ఒక సాకు కావాలి. అంతేగా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకే ఆమెకు ఒళ్లు మండింది.

ఇద్దరూ కొండ ఎక్కారు. సమాధి మీది పచ్చిక దిబ్బ నున్నగా కత్తిరించి ఉంది. తను జుట్టు కురచగా కత్తిరించుకుంటే వారం దాకా గమనించని మనిషి, ఇక్కడ ఒక్క గడ్డిపోచను వంకరగా పెరగనివ్వలేదు.

తేగ్యు అప్పటికే నాలుగు మేకులు పాతి, తాడు కట్టాడు. తాడుకీ దిబ్బకీ మధ్య కొంత నేల వదిలేశాడు.

"ఈ ఖాళీ ఎందుకు?"

"అది నాది."

ఆమెకు అర్థమైంది. ఆ కొండ మీద మొగుడూ పెళ్లాల దిబ్బలన్నీ జంటలు జంటలుగానే ఉన్నాయి.

"ఓహో. ముందే కర్చీఫు వేసుకున్నారన్నమాట."

అతను వంగి, వదులైన తాడును మేకుకి బిగించాడు.

"మడేమిటి ఇంత చిన్నది? నేను ఆరు గీశాను."

"మొదటిసారి వేసేవాళ్లకి ఒక్క మడి చాలు. ఎక్కువ తవ్వావంటే కలుపు తియ్యడంతోనే సరిపోతుంది. కాస్త నిటారుగా నిలబడు."

టేపు ఆమె నడినెత్తి నుంచి మడమ దాకా పట్టి చూశాడు.

"ఇదెందుకు?"

"నీ పారకి కర్ర వేయించాలి."

పార వచ్చింది. కర్ర ఆమె నడుము దాకా కూడా లేదు. "దర్జీదాన్ని ఇంట్లో పెట్టుకుని కొలత తప్పారు చూడండి" అని ఆమె వారం రోజులు దెప్పింది.

పక్కింటి కమ్‌రే దారిలో ఆపింది. "ఏం వదినా, అక్కగారి పక్కనే కాపురం పెట్టావట?"

"కాపురం కాదు. కాపలా" అంది యొన్‌సిల్.

వసంతంలో లెట్యూస్ ఆకుకూర వేసింది, వేసవి చివర్లో ముల్లంగి. ఎప్పుడూ దిబ్బకు వీపు పెట్టే కూర్చునేది. తేగ్యు అన్నమాట ప్రకారం నీళ్లు మోశాడు. మోయడం అయ్యాక దిబ్బ మీద కలుపు ఏరేవాడు. అదీ అయ్యాక, మధ్యలో వదిలిన ఖాళీలో కూర్చుని సేదతీరేవాడు. అతను ఎటు తిరిగి కూర్చున్నాడో ఆమె భుజం మీదుగా చూసుకునేది. చాలాసార్లు ఇటే తిరిగి ఉండేవాడు. అటు తిరిగినవే ఆమెకు గుర్తుండేవి.

ముల్లంగి దుంపలు బాగా ఊరాయి. కిమ్చీ పెట్టి జాడీకి మూత బిగించారు. ఆ మూత తీయకముందే తేగ్యు పోయాడు.

అతన్ని ఆ ఖాళీలోనే పూడ్చారు. మోసుకొచ్చినవాళ్ల బూట్ల కింద మడి అంతా అణిగిపోయింది. కమ్‌రే పక్కన నిలబడి ఏడ్చింది. యొన్‌సిల్ మాత్రం రెండు దిబ్బల మధ్య ఎంత ఎడముందో చూస్తూ ఉండిపోయింది. జానెడు కూడా లేదు.

చలికాలం గడిచింది. ఊరంతా సమాధులు బాగుచేసుకునే హాన్షిక్ నాడు ఆమె పార తీసుకుని కొండ ఎక్కింది. ముందు తాడు విప్పింది. తర్వాత మేకులు పీకసాగింది.

"మిమ్మల్ని మీ ఆవిడకి అప్పగించేశాను" అంది కొత్త దిబ్బతో. "నా తోట కుళాయి దగ్గరే వేసుకుంటాను. ఆరు మళ్లూ వేస్తాను. నీడైనా సరే."

మూడు మేకులు వచ్చాయి. నాలుగోది కదిలిస్తుండగా కింద బండి ఆగిన చప్పుడైంది. రాళ్లు చెక్కే ముసలాయన, ఇంకో ఇద్దరు కలిసి గడ్డి చుట్టిన రాతిపలకను మోసుకొచ్చారు.

"నేనేమీ చెప్పలేదే" అంది యొన్‌సిల్.

"పోయిన వసంతంలోనే ఆయన చెప్పి వెళ్లారమ్మా. ఆయన తేదీ మాత్రం నిన్న చెక్కాను." ముసలాయన ఆమె చేతిలోని మేకు చూశాడు. "అది పీకకండి. రాయి ఎంత దూరం రావాలో వాటిని బట్టే చూసుకోమన్నారు."

గడ్డి విప్పితే రాయి మీద మూడు పేర్లున్నాయి: నడుమ తేగ్యు, అటు మొదటి భార్య, ఇటు కూరల మడి వైపు యొన్‌సిల్, ఆ పేరు కింద తేదీ ఒక్కటే ఇంకా చెక్కవలసి ఉంది.