లేని వంతెన మీద విచారణ

వ్యాను నది ఒడ్డున ఆగింది. నెలిమా దిగి అటూ ఇటూ చూసింది. నది ఉంది. అవతలి గట్టు ఉంది. వంతెన ఒక్కటే లేదు.

కౌంటీ లెక్కల్లో మాత్రం అది పోయినేడాదే పూర్తయింది. ఆఖరి షిల్లింగు దాకా చెల్లింపు జరిగిపోయింది. ఇంజనీరు దాని మీద నడిచి చూసి మరీ సంతకం పెట్టాడట.

నెలిమా కౌంటీ అసెంబ్లీలో ఖర్చుల తనిఖీ కమిటీకి అధ్యక్షురాలు. ఈ వంతెన కాంట్రాక్టరు సిటుమా అనేవాణ్ణి మూడుసార్లు విచారణకి పిలిపించింది. రెండుసార్లు కడుపునొప్పన్నాడు. మూడోసారి అత్తగారు పోయిందన్నాడు. కమిటీలో ఎవరూ అతని మొహం చూసిన పాపాన పోలేదు. దాంతో ఇవాళ ఎవరికీ చెప్పాపెట్టకుండా కమిటీని వెంటేసుకుని బయల్దేరింది.

"ఫోటో తీసుకుని వెళ్లిపోదాం మేడం," అన్నాడు సభ్యుడు మకోఖా, వ్యానులోంచి దిగకుండానే. కాళ్లకి కొత్త బూట్లు.

"లేనిదాన్ని ఫోటో ఎలా తీస్తావయ్యా? అవతల ఊరివాళ్లున్నారు. వాళ్ల నోటితో విని రాసుకోవాలి."

"దాటేదెలా?"

దానికి ఏర్పాటు ఉంది. గట్టు మీది టీ కొట్టు దగ్గర్నించి నలుగురు మగాళ్లు వచ్చి నిలబడ్డారు. మనుషుల్ని వీపున మోసి దాటించడం వాళ్ల పని. మనిషికి యాభై షిల్లింగులు. పుష్టిగా ఉంటే వంద.

నెలిమా పుష్టిగానే ఉంటుంది. నలుగుర్నీ ఎగాదిగా చూసి, అందరి వెనకా, వ్యాను మీది కౌంటీ ముద్రని ఓరగా చూస్తూ హడావుడిగా పాంటు మడుచుకుంటున్న భారీ మనిషిని చూపించింది.

"నా బరువుకి ఆయనే సరి."

మిగతా ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. "ఆయన కొత్తండీ, నేను తీసుకెళ్తా," అన్నాడు ఇంకొకడు.

"అందరూ ఒకప్పుడు కొత్తవాళ్లే. వంగు నాయనా."

వంగాడు. ఎక్కింది. వ్యానులోని వాళ్లు మొక్కజొన్న కంకులు కొరుక్కుంటూ చేతులూపారు.

నీళ్లు మోకాళ్లు దాటాయి. రాయి గుచ్చుకున్నప్పుడల్లా ఆ మనిషి ఉస్సుమంటున్నాడు.

"పాపం, ఆ కాంట్రాక్టరు వంతెన కట్టుంటే నీకీ తిప్పలు ఉండేవి కాదు," అంది నెలిమా.

"కట్టుంటే మోసేవాళ్ల పొట్ట కొట్టినట్టేగా మేడం."

"అదీ నిజమే. ఇంతకీ మనిషి ఎలాంటివాడు?"

"మంచివాడండీ! చర్చికి కొత్త రేకులు వేయించాడు."

"మంచివాడేంటి, గజదొంగ. వంతెనకి వంతెనే మింగేశాడు. కడుపునొప్పి రాదూ మరి!"

ఆమె కింద వీపు బిగుసుకుంది.

"ఆయనొక్కడే మింగాడని ఎవరన్నారండీ? సగం ఇంజనీరుకే పోయింది. ఆయన కాలికి ఈ నది తడే తగల్లేదు. ఆ టీ కొట్లో కూర్చుని, చపాతీ నములుతూ సంతకం పెట్టాడు. బిల్లు కదిలించినందుకు ఖజానా ఆఫీసరుకి ఓ ఆవు, దూడతో సహా. మేకని నలుగురూ తిని, కొమ్ములు పట్టుకున్నవాణ్ణి దొంగంటే ఎలాగండీ?"

"ఆవు ఏ రంగు?"

"ఎర్రది. నుదుటి మీద తెల్లమచ్చ. ఆఫీసరు మామగారింట్లో ఉంది."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

అతను కాలితో రాయి తడుముకుని అడుగేశాడు. "దాటేవాళ్లు మాట్లాడుకుంటారు కదండీ. వీపుకీ చెవులుంటాయి."

నెలిమా నవ్వింది. అతని భుజాలు కుదురుగా పట్టుకుంది. నది మధ్యకి వచ్చారు. నీళ్లు అతని తొడల్ని తోస్తున్నాయి. ఆమెకి ఈత రాదు.

"అవతలి ఊళ్లో నసికే అని ఓ ముసలామె ఉంది, తెలుసా?"

"తెలీదండీ."

"మొన్న వానల్లో ఆమె కోడలికి నొప్పులొచ్చాయి. నది పొంగింది. మోసేవాడెవడూ నీళ్లలోకి దిగలేదు. ఆ గట్టు బురదలోనే కంది. ఇద్దరూ బతికారంటే దేవుడి దయ. పిల్లకి దరాజా అని పేరు పెట్టుకున్నారు. అంటే వంతెనమ్మ! ఊరు మొత్తానికి ఉన్న వంతెన అదొక్కటే."

అతను ఆగిపోయాడు. నీళ్లు పక్కనుంచి జారిపోతున్నాయి.

"నడు నాయనా. మధ్యలో ఆగితే ఇద్దరం మునుగుతాం."

నడిచాడు. ఈసారి రాళ్లు గుచ్చుకున్నా ఉస్సనలేదు. నీళ్లు మళ్లీ మోకాళ్లకి దిగాక, గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, ఊరికే అడుగుతున్నా. ఆ కాంట్రాక్టరే వచ్చి ఇదంతా చెప్పేసి, వంతెన కట్టిస్తానంటే, జైలు తప్పుతుందా?"

"అది జడ్జి చెప్పాలి. చెప్పినవాడి పేరూ, దాక్కున్నవాడి పేరూ రిపోర్టులో ఒకేలా మాత్రం రాయను."

గట్టు వచ్చింది. అతను జాగ్రత్తగా వంగాడు. నెలిమా జారి దిగింది. చెప్పుల మీద ఒక్క చుక్క పడలేదు. దూరంగా ఊరివాళ్లు పరుగున వస్తున్నారు. ఆమె వంద షిల్లింగుల నోటు తీసిచ్చింది.

"వద్దండీ, మీ దగ్గరా!" అన్నాడు అతను, రొప్పుతూ.

"ఉంచుకోండి," అని నోటు అతని చేతిలో పెట్టి, గౌన్ను సర్దుకుంటూ అంది నెలిమా, "గురువారం విచారణకి మాత్రం మీ కాళ్ల మీద మీరే నడిచి రండి, కాంట్రాక్టరు గారూ!"