నల్లబిళ్ళ

తమ్ముడు గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి కన్ను ఆనించాడు. లోపలంతా చీకటి.

"వెలుగు రాలేదు. బాబాయి ఉంటాడు," అన్నాడు.

కళ్ళద్దాల షాపు అక్కాతమ్ముళ్ళది. అద్దాలు అరగదీసే బాబాయికి చేతులు వణుకుతున్నాయి. ఆయన్ని పొమ్మన్న పాపం రెండోవాళ్ళు తన నెత్తిన రుద్దుతారని ఇద్దరికీ అనుమానమే. అందుకే ఈ ఉపాయం. పంపేద్దామంటే తెల్లద్దం, వద్దంటే నల్లబిళ్ళ, గుడ్డ కింద ఎవరిది వాళ్ళు గొట్టంలో దూర్చాలి. రెండూ తెల్లద్దాలైతేనే వెలుగొస్తుంది. చూశాక ఎవరిది వాళ్ళు గుప్పిట్లో దాచుకుని తీసేసుకోవాలి.

అక్క నల్లబిళ్ళే పెట్టింది. ఇద్దరూ ఎవరిది వాళ్ళు గుప్పిట్లోకి తీసేసుకున్నారు.

"నేను పెట్టింది నల్లబిళ్ళే," అన్నాడు తమ్ముడు. "చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాణ్ణి పొమ్మంటానా?"

వీణ్ణి ఊరికే అనుమానించానని అక్క సిగ్గుపడింది.

"రేపు వంకర అద్దాలతో గిరాకీలు మీదపడితే మాత్రం నువ్వే చెప్పుకో," అని విసుక్కున్నాడు వాడు. "నువ్వు జాలిపడి అడ్డం కొట్టబట్టే గదా ఈ తలనొప్పి!"

"నేనే అడ్డం కొట్టానని నీకెలా తెలుసురా?"

"చీకటొచ్చిందిగా!"

"నల్లబిళ్ళ పెట్టినవాళ్ళకి ఎలాగూ చీకటే. నువ్వేం పెట్టావో నాకు ఇంతసేపూ తెలీలేదు. చీకటి చూసి నా సంగతి తెలుసుకున్నావంటే, నువ్వు పెట్టింది తెల్లద్దమే."

వాడు గుప్పిట ఇంకా బిగించాడు.

"ఏమిట్రా గొడవ?" అంటూ బాబాయి లోపలికొచ్చాడు.

"ఏం లేదు బాబాయ్! నువ్వు లేకపోతే మాకు షాపెక్కడిది?" అంటూ వాడు ఆ గుప్పిటతోనే ఆయన భుజం చుట్టూ చెయ్యేశాడు.