కుట్టుమిషను సొరుగులో అద్దం

కుట్టుమిషను సొరుగులో ఉండాల్సిన గుండ్రటి అద్దం మాయమైంది. అరచేతిలో ఇమిడేంత అద్దం. దారపుండలున్నాయి, బొత్తాలున్నాయి, కత్తెర ఉంది. అద్దం ఒక్కటే లేదు. పోయిన ఆదివారం ఆకాశం రంగు శాలువా కూడా ఇలాగే, కాళ్లొచ్చినట్టు నడిచిపోయింది.

ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. తన వస్తువు తనే దొంగిలించుకునేంత మతిమరుపు టైలరమ్మకి ఇంకా రాలేదు. ఇక మిగిలింది ఆయన.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. గడ్డం రెండోసారి గీసుకుని, కొత్త బూట్లు తొడుక్కుని, ఈల వేసుకుంటూ గదిలోంచి వచ్చాడు. వెంట సెంటు వాసన గుప్పుమంది.

"ఎక్కడికండీ?"

"పాత ఫ్రెండుకి ఒంట్లో బాలేదు. చూసొస్తా."

"జబ్బు మనిషిని చూడ్డానికి సెంటెందుకు?"

"ఈ వాసనకైనా లేచి కూర్చుంటాడేమోనే!"

తలుపు మూసుకుంది. టైలరమ్మ వేళ్లు మడిచి లెక్కేసుకుంది. శాలువా, అద్దం, ఇప్పుడు సెంటు. జబ్బు పడ్డ ఫ్రెండు శాలువా కప్పుకుని అద్దంలో చూసుకుంటున్నాడా ఏమిటి?

రిటైరైన కొత్తలో, "ఊరు చూద్దాం రావే, ఇన్నేళ్లూ రోడ్డు చూశాను గానీ ఊరు చూడలేదు" అని రోజూ ప్రాణం తీసేవాడు. "ఈ గౌను అయిపోనివ్వండి" అనేది తను. ఒక గౌను అయితే ఇంకో గౌను. ఈమధ్య అడగడం మానేశాడు. మానేశాడంటే వేరే ఎవరో దొరికిందనేగా! ఖాళీ సీటు ఎన్నాళ్లని ఖాళీగా ఉంటుంది?

ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. ఆ మహాతల్లి కంటబడిందా, మళ్లీ ఈ గుమ్మం తొక్కేది లేదు. అట్నుంచి అటే చెల్లెలింటికి.

కుట్టడానికొచ్చిన ఎవరిదో పొడుగు కోటు తగిలించుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, వెనకాలే బయల్దేరింది. వేషం బాగానే కుదిరింది. మెడలో కొలతల టేపు వేలాడుతున్న సంగతి ఒక్కటే చూసుకోలేదు.

ఆయన బస్సు ముందు డోర్లో ఎక్కాడు. ఈవిడ వెనక డోరు అందుకోవడానికి పరుగో పరుగు. బస్సు కదిలిపోయేదే, కానీ ఆయన మెట్టు మీద నిలబడి కుర్ర డ్రైవరుతో లోకాభిరామాయణం మొదలెట్టాడు. 'ఈయన వాగుడు ఇన్నాళ్లకి నాకు పనికొచ్చింది' అనుకుంటూ ఎక్కేసింది.

కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి గౌను అంచు వంకర. పేవ్‌మెంటు మీద పోయే పెద్దమనిషి కోటు భుజాలు జారిపోతున్నాయి. ఊళ్లో ఇంతమంది ఉన్నారా, ఇన్ని రంగులున్నాయా అని నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆయన దిగిపోతున్నాడు. తనూ దిగింది.

రైలు స్టేషన్లో కదిలే మెట్లు. వాటి మీద ఎన్నడూ కాలు పెట్టి ఎరగదు. పైన ఆయన వంగి బూటు లేసులు ముడేసుకుంటున్నాడు. ఇంకెవరో ముసలమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని ఎక్కేసింది. పైకి చేరాక, ఎవరూ చూడకపోతే మళ్లీ దిగి ఇంకోసారి ఎక్కుదామా అనిపించింది. ఛీ, వచ్చిన పనేంటి!

రైలు మేడల నెత్తిమీదుగా పోయింది. దిగాక ఒక వీధి నిండా బట్టల కొట్లే. ఒక అద్దాల బీరువాలో ముత్యాల్లాంటి బొత్తాలు చూస్తూ లోకం మర్చిపోయింది. ఉలిక్కిపడి తలెత్తేసరికి, అదృష్టం, ఆయన వీధి చివర మళ్లీ వంగి లేసులు కట్టుకుంటున్నాడు. కొత్త బూట్లు, ముడి నిలవడం లేదు పాపం. పాపం అన్నందుకు వెంటనే నాలిక్కరుచుకుంది.

నది ఒడ్డున బెంచీ. ఆయన సంచిలోంచి ఆకాశం రంగు శాలువా తీసి, పక్క చోటు మీద మెత్తగా పరిచాడు. రెండు ఐస్‌క్రీములు కొన్నాడు. చేతికొకటి పట్టుకుని కూర్చున్నాడు.

స్తంభం చాటున టైలరమ్మ తలగుడ్డ ఇంకాస్త ముందుకి లాక్కుంది. అయిపోయింది. ఇక చెల్లెలిల్లే.

చూసింది, చూసింది. ఎవరూ రారు. ఐస్‌క్రీము కరిగి ఆయన మణికట్టు మీదికి కారుతోంది. ఒక్కో బొట్టూ శాలువా వైపే జరుగుతోంది. ఆవిడగారు ఎప్పుడొస్తుందో గానీ, మరక పడితే మాత్రం చచ్చినా వదలదు! ఇంక ఆగలేక విసురుగా వెళ్లింది.

"ఎవరికండీ అది?"

ఆయన వెనక్కి తిరగనైనా తిరగలేదు. "నీకే. పట్టుకోవే, చెయ్యంతా జిడ్డు."

తీసుకుంది. తీసుకున్నాక గానీ అడగాలని తట్టలేదు. "నేనొస్తానని మీకేం తెలుసు?"

"షికారుకి పిలిస్తే నీకు తీరదు. ఇంట్లో దొంగలు పడితే తీరుతుందిగా! కూర్చో. ముందు ఆ మెడలో టేపు తీసెయ్, దారిపొడుగునా జనం నవ్వుతున్నారు."

ఏడవాలో, ఆ టేపుతోనే నాలుగు తగిలించాలో తెలియక, శాలువా మీద కూలబడింది. తల దించుకుంటే ఆయన బూట్లు కనిపించాయి. వాటికి అసలు లేసులే లేవు.

"మరి పొద్దుట్నించీ వంగి వంగి ఏం ముడేశారండీ?"

ఆయన జేబులోంచి గుండ్రటి అద్దం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"వెనక డోర్లో మనిషి ఎక్కిందో లేదో అద్దంలో చూసుకోకుండా నేనెప్పుడైనా బండి కదిలించానటే?"