పైకొచ్చిన చేపలు

"అబ్బో! మనల్ని చూడ్డానికే వచ్చినట్టున్నాయే!" పెట్టుబడి పెడదామని ఢాకా నుంచి వచ్చిన పెద్దమనిషి చెరువు గట్టు మీద చప్పట్లు కొట్టాడు. తెల్లవారుజామున మబ్బు వెలుతురులో చెరువంతా శీలావతి చేపల మూతులే, తెరుచుకుంటూ, మూసుకుంటూ.

అతిథి కోసం మరమరాల పళ్ళెం తెచ్చిన మొర్జినా ఆ మూతుల్ని చూసి గట్టు మీదే ఆగిపోయింది. భర్త తోఫాజ్జల్ చెవి దగ్గర గొణిగింది. "గాలందక తేలాయయ్యా! మోటారేసి నీళ్ళు చిమ్మించు. పొద్దెక్కేసరికి ఒక్కటీ మిగలదు."

"నోర్ముయ్! మోటారేస్తే ఆయనకి తెలిసిపోదూ? ముందు సంతకం పెట్టనీ."

"ఇన్ని చేపపిల్లల్ని ఇరికించొద్దని మొత్తుకున్నాను, విన్నావా?"

"చెరువు నిండుగా కనబడకపోతే డబ్బెవడిస్తాడే?"

"ఏంటి భాబీ, గుసగుసలు?" అంటూ పెద్దమనిషి ఆమె చేతిలోని పళ్ళెంలోంచి గుప్పెడు మరమరాలు తీసి నీళ్ళలోకి విసిరాడు. అవి తెరిచిన నోళ్ళ మధ్యే తేలాయి. ఒక్క చేపా ముట్టలేదు.

ఎందుకు తినడం లేదని ఇప్పుడైనా అడుగుతాడని మొర్జినా ఆయన ముఖంలోకి చూసింది.

"ఎంత బాగా మేపారండీ! కడుపులు నిండిపోయాయి!" పెద్దమనిషి పకపకా నవ్వాడు. "వచ్చే ఏడు ఇంతకి రెట్టింపు వదులుదాం తోఫాజ్జల్ భాయ్!"

తోఫాజ్జల్ కూడా నవ్వబోయాడు. నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. నవ్వు మాత్రం రాలేదు.