ఎముకల హాల్లో ఒక నిమిషం

మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరానికి గొంతు పెట్టే పని నాది. రేపు పొద్దున్నే పిల్లలొస్తారు. డైనోసార్లు గర్జించి ఉండవనీ, పావురంలా నోరు తెరవకుండా గొంతులోనే గుర్రుమని ఉంటాయనీ కొందరు శాస్త్రజ్ఞులంటారు. నా పని సులువైంది. మా ఆయన గురక రికార్డు చేసి, బాగా నెమ్మది చేశాను.

రాత్రి హాల్లో నేనొక్కదాన్నే. ఏదైనా వినిపించే ముందు ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేసుకోవడం మా పనిలో అలవాటు. చేశాను. చెవికేమీ వినపడలేదు గానీ మీటరు ముల్లు ఊగింది. చెవికందనంత మంద్రమైన శబ్దమేదో ఉందన్నమాట, ఆ రికార్డు వేగం పెంచి విన్నాను.

అచ్చం నేను చేసిన కూతే. స్పీకరు ఇంకా ఆన్ చేయనేలేదు. పైగా చివర్లో తేడా. నాది కిందికి జారి ఆగిపోతుంది. ఇది ఎవర్నో పిలుస్తున్నట్టు పైకి లేచింది.

వెనక్కి తిరిగి చూశాను. అయినా ఇదే బాగుంది. నాదీ అలాగే మార్చి హాలంతా వినిపించాను.

మా ఆయన ఫోన్ చేశాడు. "అయిందా?"

"మీ గురక చివర్లో తప్పుందండీ. ఇప్పుడే దిద్దించుకున్నాను."

"ఎవరితో?"

నవ్వి పెట్టేశాను. తృప్తిగా ఇంకో నిమిషం రికార్డు చేశాను. ఈసారి ముల్లు కదల్లేదు.

అవును మరి. తన పిలుపుకు ఒకరు బదులు పలికాక ఇంకా పిలవడం దేనికి, వచ్చేస్తే సరిపోతుంది.