వేంపల్లె బస్సు

చొక్కా చంకన పెట్టుకుని పుల్లన్న కడప ఆసుపత్రి గదిలోంచి వరండాలోకి వచ్చేశాడు.

పారిపోదామనే వచ్చాడు గానీ, నాలుగడుగులకే ఆయాసం ముంచుకొచ్చి స్తంభం పట్టుకున్నాడు.

వెనకాలే పెళ్లాం నాగలక్ష్మమ్మ వచ్చింది.

"యాడికి పోతాండావు?"

"బస్సుకు. వేంపల్లె బస్సు గేటు కాడనే ఉండాది."

"ఆడ డాక్టరయ్య సూది పట్టుకోని నిలబడుకోని ఉండాడు."

"అది సూదా? గోతాలు కుట్టే దబ్బనం!"

ఆ మాటలో మరీ అబద్ధమేం లేదు. సూది లావుగానే ఉంది.

పులివెందుల పక్క రాతినార గనిలో, అదే ఆస్బెస్టాస్ గనిలో, పుల్లన్న మీసాలు రాకముందు నుంచి పనిచేశాడు. రాయిని సుత్తెతో కొట్టి, దూదిలాంటి నారను వేళ్లతో ఒలిచేవాడు. అన్నంలోనూ ఆ దుమ్మే, నీళ్లలోనూ ఆ దుమ్మే. ఇప్పుడు రొమ్ములో నీళ్లు చేరాయని కడప డాక్టరు చెప్పాడు.

"మా ఊరి బాయిలో పడని నీళ్లు నా రొమ్ములో పడినాయంట!" అని పుల్లన్న ఆ బాధలోనూ నవ్వాడు.

డాక్టరు ఏదీ దాచలేదు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు గడ్డ పట్టిందన్నాడు. మద్రాసులో కోసి తీసేవాళ్లున్నారు గానీ, ఈ ఒళ్లు ఆ కోతకు తట్టుకోదన్నాడు. సూదితో నీళ్లు తీస్తే ఊపిరాడుతుంది, పడుకోగలడు. మళ్లీ చేరితే మళ్లీ తీయాలి. అంతకు మించి తన చేతిలో లేదన్నాడు.

పడుకోగలడన్న ఒక్క మాటే నాగలక్ష్మమ్మ చెవిన పడింది. కొన్ని నెలలుగా ఆయన గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. కాళ్లు చాపుకుని నిద్రపోతే ఆమెకు అంతే చాలు.

పుల్లన్నకు చాలలేదు.

"నయం కాదని ఆయన నోటితోనే చెప్పె. ఇంగ సూదెందుకు? వేంపల్లె బొజ్జన్న కాడికి పోదాం. ఆయప్ప ఒక వాత పెట్టినాడంటే నీళ్లన్నీ ఇంకిపోతాయి."

స్తంభం అవతల తలకు తువ్వాలు చుట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అడక్కుండానే కల్పించుకున్నాడు.

"వాత పెడితే తోలు కాల్తాది. లోపలుండే నీళ్లకు ఏం తెలుస్తాదప్పా?"

పుల్లన్నకు ఒళ్లు మండింది.

"బొజ్జన్న సంగతి నీకేం తెలుసు పెద్దాయనా? నేను కండ్లతో చూడలా గానీ, మా చిన్నాయనకు నడుం పడిపోతే, ఆయప్ప వాతతోనే లేచి మడక దున్నినాడు."

"నడుం సంగతి వేరే. రొమ్ములో నీళ్లకు వాత పెట్టించుకోని లేచినోన్ని ఒకన్ని చూపీ."

"బొజ్జన్న దేవుడు!"

"దేవుడు గాదు, ఉత్త మొండోడు. తనకు తెలిసిందే వైద్యమనుకుంటాడు."

నాగలక్ష్మమ్మకే అది ఎక్కువనిపించింది. తన తరఫున మాట్లాడుతున్నా సరే, ఎదురుగా లేని మనిషిని అట్లా అనడం ఏం మర్యాద?

"నువ్వేమన్నా డాక్టరు కూచోబెట్టిన బ్రోకరువా?" అన్నాడు పుల్లన్న.

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"అట్లనే అనుకోప్పా. లోపలికి మాత్రం పో."

గేటు దగ్గర బస్సు హారను మోగింది. పుల్లన్న స్తంభం వదిలి అడుగు వేశాడు. ముసలాయన లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"కాలే వాతను ఓర్చుకుంటావు, సూదిని ఓర్చుకోలేవా? భయమని చెప్పు, ఇడిచిపెడతా."

"నాకు భయమా!"

"అయితే రా. నేను ఎదురుగా కూచుంటా."

రోషం బస్సును గెలిచింది. పుల్లన్న వెనక్కి తిరిగాడు.

లోపల అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి ముందుకు వంచారు. ముసలాయన స్టూలు లాక్కుని అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. వయసుడిగిన చేతులే గానీ, పట్టు గట్టిది.

"కండ్లు మూయొద్దు. నా మొగం చూడు. ఈ తూరి మీ తట్టు శెనక్కాయ ఎట్ల పండింది?"

"వానలే ల్యాకపాయె, యాడ పండి... అబ్బా!"

"అయిపాయె. గుచ్చేది అయిపాయె. ఊపిరి బిగబట్టొద్దు. ఎంత చేను ఏసినావు?"

నొప్పి తగిలేటప్పుడు మనిషిని మాటల్లో పెట్టడం ఆయనకు బాగా అలవాటున్నట్టుంది.

గాజు సీసాలోకి ఎర్రటి నీళ్లు దిగాయి. ఆ సీసా నిండితే ఇంకొకటి పెట్టారు. పుల్లన్న బిగించిన దవడలు నెమ్మదిగా వదులయ్యాయి.

ఆ మధ్యాహ్నం అతను వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. నాగలక్ష్మమ్మకు ఆ గురక వింటుంటే సంతోషంతో ఏడుపొచ్చింది.

ముసలాయనకు ఒక మంచిమాట చెబుదామని బయటికొచ్చింది. ఆయన అప్పటికే ఇంకెవరికో అడ్డంగా నిలబడి పోట్లాడుతున్నాడు. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది.

కొన్నాళ్లకు నీళ్లు మళ్లీ చేరాయి. ఈసారి పుల్లన్న తనే ముందు బయలుదేరాడు.

"శెనక్కాయలు ఏంచి మూట గట్టు. ఆ పెద్దాయన్ను బ్రోకరంటి. శానా తప్పు."

వరండాలో స్తంభం దగ్గర ఎవరూ లేరు. నర్సు విశ్వాసమ్మను అడిగారు.

"ఆ తాతా? పోయిన నెల కాలం జేసినాడు. ఆడనే, కూచున్నోడు కూచున్నట్టే."

పుల్లన్న మూట కింద పెట్టి గోడకు చేరగిలబడ్డాడు.

"ఆయప్ప ఆసుపత్రి మనిషేనా అమ్మా?"

"కాదు. ఆయన పెండ్లాం గూడా మీ మాదిరే రాతినార ఒలిచేది. ఆమెకూ రొమ్ములో నీళ్లే. వాతలతోనే శానా దినాలు గడిపి, ఆఖర్న ఎత్తుకోనొచ్చినారు. వీపంతా పుండ్లు, సూది గుచ్చేదానికి చోటు ల్యాకపాయె. ఆమె ఈడనే పోయింది. ఇంగ ఆయన ఊరికి పోలా."

నాగలక్ష్మమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఆ వాతలు పెట్టింది ఎవురు, బొజ్జన్నేనా?"

విశ్వాసమ్మ ఆమె వంక వింతగా చూసింది.

"ఆ తాతే గదమ్మా బొజ్జన్న."