రెండో డోసు

"ఇద్దర్లో ఎవరు వేశారు రెండో ఇంజెక్షను?" పశువుల డాక్టరు గట్టిగానే అడిగాడు.

బల్ల మీద దొరబాబు నాలుగు కాళ్లూ చాపుకుని పడున్నాడు. ముందు కాలికి గ్లూకోజు ఎక్కుతోంది. అరగంట కిందట గుమ్మంలో తూలి పడిపోయిన కుక్క, ఇప్పుడిప్పుడే తోక చివర కాస్త కదిలిస్తున్నాడు.

"నేను పొద్దున ఏడింటికి ఒక్కటే వేశానండీ," అన్నాడు కళ్లజోళ్ల షాపాయన. "సాయంత్రానిది ఈవిడ వంతు."

"నేనింకా సూదే ముట్టుకోలేదు!" కస్సుమంది ఆయన భార్య, లైబ్రరీ ఉద్యోగిని. "మీరే మర్చిపోయి రెండోసారి పొడిచుంటారు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి!"

డాక్టరు కాయితాలు తిరగేశాడు. "ఆర్నెల్లుగా వీడి షుగరు గీత గీసినట్టుంది. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. ఇంత అదుపులో ఉన్న కుక్క నా దగ్గర ఇంకోటి లేదు. అలాంటివాడు ఈ వారంలో రెండుసార్లు పడిపోయాడు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే తప్ప షుగరు ఇంతలా దిగదు. మూడోసారి పడితే లేస్తాడని నేను మాటివ్వలేను."

మొగుడూ పెళ్లాం ఒకరినొకరు కొరకొరా చూసుకున్నారు.

ఇంటికొచ్చి మందు సీసా ఆవిడ దాచింది. సిరంజిలు ఆయన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇక మాటల్లేవు. చెప్పాల్సిందంతా కుక్కకే చెప్పుకున్నారు.

"దొరబాబూ, మీ నాన్నగారికి అన్నం చల్లారిపోతోందని చెప్పు."

"దొరబాబూ, మీ అమ్మ పిలిస్తే వస్తానని చెప్పు."

మర్నాడు ఇద్దరూ ఎవరి పనికి వాళ్లు బయల్దేరారు. కానీ ఆయన షాపుకి సెలవు చెప్పి, మధ్యాహ్నం దాటాక పెరటి వైపు నుంచి పిల్లిలా వచ్చి నీళ్ల డ్రమ్ము వెనక నక్కబోయాడు. అక్కడ అప్పటికే ఎవరో గొంతుక్కూచుని ఉన్నారు.

"నువ్వా! లైబ్రరీకి పోలేదూ?"

"మీరు షాపుకి పోలేదూ?"

"నిన్ను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని..."

"నేనూ అందుకే!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది. చేతులతో నోళ్లు మూసుకున్నారు. అంతలో దొరబాబు వసారాలోంచి లేచి, ఒళ్లు విరుచుకుని, గేటు కింది సందులోంచి దూరి, ఆఫీసుకి వేళయిన గుమాస్తాలా వీధిలోకి నడిచాడు.

"ఇంట్లో కాపలా ఉన్నాడనుకుంటే వీడు షికార్లు కొడుతున్నాడే!" అంది ఆవిడ, కొంగు దోపుకుని.

ఇద్దరూ వెనకే నడిచారు. రెండు సందులు తిరిగి, వాడొక నీలం తలుపుని ముక్కుతో తోసుకుని సొంతిల్లులా లోపలికి పోయాడు.

లోపల అరుగు మీద ఒకావిడ. అప్పుడే నిద్ర లేచినట్టుంది, జుట్టు ముడి ఇంకా వదులుగానే ఉంది. దొరబాబు ఆవిడ పెట్టిన అన్నం నాకేసి, చెప్పకుండానే పక్కకి తిరిగి కూచున్నాడు. ఆవిడ సిరంజి వెలుతురుకి ఎత్తి, గోటితో టిక్కుటిక్కుమనిపించింది.

"ఆగమ్మా, ఆగు!" లైబ్రరీ ఆవిడ కేక పెట్టింది.

"మెల్లిగా! మా పండు బెదిరిపోతాడు."

"పండేంటి? వాడు మా దొరబాబు!"

"ఏ దొరా? రాత్రి డ్యూటీ చేసొచ్చి నేను నిద్ర లేచేసరికి రోజూ ఈ గుమ్మంలోనే ఉంటాడు. మెళ్లో బెల్టు లేదు. ఎవరూ లేనివాడనుకున్నా. కుండెడు నీళ్లు తాగేస్తుంటే పరీక్ష చేయించా, షుగరన్నారు. నేను నర్సుని. ఆర్నెల్లుగా ఒక్క రోజు తప్పకుండా ఈ చేత్తోనే వేస్తున్నా!"

"ఆర్నెల్లుగా మేమూ తప్పలేదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "నిన్న సాయంత్రం పడిపోతే గ్లూకోజెక్కించారు."

నర్సు సిరంజి పక్కన పడేసింది. "అయ్యో నా తండ్రీ! నిన్ను నేనే చంపుకునేదాన్నిరా!" అంటూ కుక్కని పొట్లంలా ఒళ్లోకి లాక్కుంది. కళ్లలో నీళ్లు.

లైబ్రరీ ఆవిడ పక్కనే కూలబడి భుజం మీద చెయ్యి వేసింది. "ఊరుకో చెల్లీ, తెలిసి చేశావా ఏంటి? పొద్దునా సాయంత్రం సూది మాది. మధ్యాహ్నం వాడు నీవాడే. డాక్టర్ని అడిగి ఎంత తినాలో అంత నువ్వే పెట్టు."

"నిజంగా పంపిస్తారా అక్కా?"

"మేం పంపించేదేముంది? వాడెప్పుడు మమ్మల్ని అడిగాడు గనక!"

నర్సు ఏడుస్తూనే నవ్వేసింది. కళ్లజోళ్లాయన ఉషారుగా డాక్టరుకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి జరిగిందంతా చెప్పాడు. అటు నుంచి పగలబడి నవ్వు. నవ్వు చటుక్కున ఆగింది.

"ఉండండుండండి. ఆర్నెల్లుగా రెండిళ్ల ఇన్సులినూ పడుతుంటే వీడు మొదటి వారంలోనే పడిపోవాలి కదా! మరి షుగరు గీత గీసినట్టు ఎలా నిలబడింది?"

ముగ్గురూ దొరబాబు వైపు చూశారు. వాడు అప్పటికే ఒళ్లోంచి దూకి, పక్కింటి గోడకి ముందు కాళ్లు ఆనించి, తోక గిరగిరా తిప్పుతున్నాడు. గోడ అవతల నుంచి బుగ్గలకి మైదాపిండి అంటిన తల ఒకటి లేచింది.

"ఇక్కడున్నావట్రా బొద్దూ! మా అమ్మాయి కాన్పుకని వారం రోజులు బేకరీ మూసేసరికి ఎలా చిక్కిపోయావురా... ఇదిగో, రోజూ పెట్టే క్రీము కేకు, ఇవాళ రెండు!"